బోరు నీటిలో ఆర్సెనిక్: గోదావరి డెల్టా ఇళ్లకు పరీక్ష నుంచి వడపోత దాకా

వేసవిలో కాలువలు కట్టేసిన కొద్ది రోజులకే మా వైపు ఊళ్లలో నీళ్ల ప్లాంటు ముందు టిన్నులు వరుస కడతాయి. ప్లాంటు కుర్రవాడు జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి, గ్లాసులో ముంచి, "చూడండి, డెబ్బై" అంటాడు. నిలబడ్డవాళ్లు తృప్తిగా తలాడిస్తారు. ఆ మీటరు అబద్ధమేమీ చెప్పడం లేదు. నీటిలో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు సుమారు 70 మిల్లీగ్రాములు ఉన్నాయని మాత్రమే అది చెబుతోంది. తాగే నీటిలో ఆర్సెనిక్ అనే విషం దాటకూడని హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఆ హద్దుకు పదింతలు ఆర్సెనిక్ ఉన్నా టీడీఎస్ మీటరు మీద అంకె కదలదు. రుచి, వాసన, రంగు, టీడీఎస్, వీటిలో ఏ ఒక్కటీ ఆర్సెనిక్ జాడ చెప్పదు. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే చెబుతుంది. ఆ కాగితం చేతికి వచ్చిన తరువాతనే ఏ ఫిల్టరు కొనాలన్న ఆలోచనకు అర్థముంటుంది. మన ఇళ్లలో మాత్రం ముందు ఫిల్టరు గోడకెక్కుతుంది, పరీక్ష మాట ఆ తరువాతా రాదు.

హద్దు ఎంత చిన్నదో కొలిచి చూపాలంటే ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకును తలచుకోవచ్చు. లక్ష లీటర్ల ట్యాంకులో ఎనిమిది గురిగింజల ఎత్తు, అంటే దాదాపు ఒక గ్రాము ఆర్సెనిక్ కరిగితే ఆ ట్యాంకు నీరంతా సరిగ్గా హద్దు మీద ఉన్నట్టు లెక్క.

నేల అడుగున జరిగే పని

ఆర్సెనిక్ మనకు కొత్త పదార్థం కాదు. పెద్దవాళ్లు పాషాణం అని భయపడేది దీని సమ్మేళనమే. నాటు వైద్యంలో వినిపించే తాళకం, మనశ్శిల రెండూ గంధకంతో కలిసిన ఆర్సెనిక్ ఖనిజాలు. అయితే భూగర్భజలంలో కనబడే ఆర్సెనిక్‌ను చాలాచోట్ల ఎవరూ తెచ్చి కలపలేదు. నది కొండల నుంచి మోసుకొచ్చిన ఒండ్రులో ప్రతి రేణువు మీదా తుప్పు పూతలాంటి ఇనుప పొర ఉంటుంది, ఆ పొరకు ఆర్సెనిక్ అంటుకుని ఉంటుంది. గాలి తగిలినంత కాలం అది అక్కడే కదలకుండా ఉండిపోతుంది. ఒండ్రుతో పాటు ఆకులు, వేళ్లు, నాచు కూడా పూడుకుపోయినప్పుడు, వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి. అది అయిపోయాక అవి తుప్పు పొర మీద పడతాయి. పొర కరుగుతుంది, ఇనుముతో పాటు ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. ఈ కారణం వల్లనే వయసులో చిన్నవైన డెల్టా ఒండ్రుమట్టి నేలల్లో ఈ సమస్య ఎక్కువగా బయటపడింది.

బెంగాల్ అనుభవం ఈ విషయంలో తెలుసుకోదగ్గది. చెరువు నీళ్లతో వచ్చే విరేచనాల బారి నుంచి తప్పించడానికి 1970ల నుంచి బంగ్లాదేశ్ పల్లెల్లో లక్షలాది చేతిపంపులు దింపారు. ఇటు పశ్చిమ బెంగాల్‌లో 1983లో కోల్‌కతా చర్మవైద్యుడు కె.సి. సాహా పల్లెల నుంచి వచ్చిన రోగుల మచ్చలకు కారణం ఆర్సెనిక్ అని గుర్తించారు. బంగ్లాదేశ్ బావుల్లో అది 1993లో బయటపడింది. చేతిపంపు నీరు కంటికి తేటగా ఉండడమే అన్నాళ్లు ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం.

గోదావరి డెల్టాను బెంగాల్‌తో సరిసమానం చేయడం పొరపాటు. గంగ, బ్రహ్మపుత్రల ఒండ్రు హిమాలయాల నుంచి వస్తే, గోదావరి ఒండ్రు దక్కను లావా రాళ్ల నుంచీ, గోండ్వానా ఇసుకరాళ్ల నుంచీ, తూర్పు కనుమల నుంచీ వస్తుంది. మన తీర మండలాల్లో భూగర్భజలానికి అందరూ ఎరిగిన జబ్బు ఉప్పు. అయినా కొత్త ఒండ్రు, పూడుకుపోయిన మొక్కల పదార్థం, గాలి ఆడని నల్లబంక, ఇవి మూడూ ఇక్కడా ఉన్నాయి. కాబట్టి తాగడానికి బోరు మీద ఆధారపడిన ఇల్లు ఒక్కసారైనా పరీక్ష చేయించుకోవడం న్యాయం. భయపడి బోరు మూసేయవలసిన అవసరమైతే లేదు.

మొదటి అడుగు: ఇంటి నీటి పద్దు రాయండి

ఒక కాగితం మీద, ఏ పనికి ఏ నీళ్లు వాడుతున్నారో రాయండి. తాగడానికి, అన్నానికి, పప్పుకు, టీకి, మజ్జిగకు, పిల్లల పాలలో కలపడానికి, పశువుల కుడితికి అంటూ విడివిడిగా రాయాలి. "మేం టిన్ను నీళ్లే తాగుతాం" అనే ఇంట్లో కూడా ఎసరు మాత్రం బోరు నీళ్లతోనే పెట్టడం చాలా మామూలు. అన్నం తను పీల్చుకున్న నీటిలోని ఆర్సెనిక్‌ను తనలోనే ఉంచుకుంటుంది, రోజూ రెండు మూడు పూటలా అన్నం తినే మనకు ఆ దారి చిన్నది కాదు. స్నానానికి, బట్టలకు, అంట్లకు బోరు నీళ్లు నిశ్చింతగా వాడవచ్చు. చర్మం గుండా ఆర్సెనిక్ లోపలికి పోయేది బహు స్వల్పం.

ఈ పద్దు వల్ల ఇంకొక ఉపయోగం కూడా ఉంది. తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు ఆరు లీటర్లు వేసుకుంటే, నలుగురున్న ఇంటికి పాతిక లీటర్లు చాలు. అంటే శుద్ధి చేయవలసింది మోటారు వేస్తే వచ్చే వెయ్యి లీటర్లు కాదు, ఒక టిన్ను, దాని మీద ఒక చిన్న బిందె.

కాగితం అడుగున బోరు వివరాలు రాయండి: ఎన్ని అడుగులు దింపారు, ఏ సంవత్సరంలో దింపారు, ఇల్లు మెరక మీద ఉందా, పల్లంలో ఉందా. కోనసీమలో పాత ఇసుక మెరకల మీది నూతుల్లోకి గాలి, వాననీరు తేలికగా దిగుతాయి. పల్లపు నల్లబంక కింద దింపిన ఫిల్టరు పాయింటుకు, అంటే ఇసుక పొర దాకా దింపిన గొట్టపు బోరుకు, ఆ వీలు లేదు. సాధారణంగా గాలి తగిలే లోతు తక్కువ నూతుల్లో ఆర్సెనిక్ తక్కువగా ఉంటుంది. ఇది మొగ్గు మాత్రమే కాబట్టి పరీక్షకు బదులుగా దీన్ని వాడకూడదు.

రెండో అడుగు: నమూనా తీయడం

జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ప్రయోగశాలలు ఉన్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రజలు కూడా నామమాత్రపు రుసుముతో అక్కడ నీటిని పరీక్ష చేయించుకోవచ్చు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పొందిన ప్రైవేటు ప్రయోగశాలలూ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా "నీళ్ల పరీక్ష" అని ఊరుకోకుండా "ఆర్సెనిక్, ఇనుము, ఫాస్ఫేటు, పీహెచ్" అని పేరుపేరునా అడగాలి. మామూలు పరీక్షల జాబితాలో చాలాసార్లు ఆర్సెనిక్ ఉండదు. ఇనుము, ఫాస్ఫేటు ఎందుకో ఫిల్టరు దగ్గర తెలుస్తుంది.

సీసాను ప్రయోగశాల వాళ్లనే అడిగి తెచ్చుకోవడం మేలు. నమూనా నిలవ ఉండడానికి అందులో నత్రికామ్లం చుక్కలు ముందే వేసి ఇస్తారు. ఆమ్లం వేసిన సీసాను కడగకూడదు, వేళ్లు పెట్టకూడదు, పొర్లేలా నింపకూడదు. ఆమ్లం లేని కొత్త ప్లాస్టిక్ సీసా అయితే అదే బోరు నీటితో మూడుసార్లు తొలిచి నింపాలి. దేనికైనా ముందు మోటారును పది నిమిషాలు పారనివ్వాలి, గొట్టంలో రాత్రంతా నిలవ ఉన్న నీరు బోరు సంగతి చెప్పదు. నీరు ట్యాంకుకు చేరక ముందే పట్టాలి. ఫిల్టరు ఇప్పటికే ఉంటే, దాని ముందు ఒక సీసా, దాని తరువాత ఒక సీసా పట్టండి. సీసా మీద బోరు లోతు, తేదీ, వేళ రాసి, అదే రోజు లేదా మరునాడు అందజేయండి.

చేతి కిట్లు కూడా దొరుకుతాయి. వాటిలో నీటికి పొడి కలిపితే పుట్టే వాయువు పాదరస లవణం పూసిన కాగితాన్ని పసుపు నుంచి గోధుమరంగుకు మారుస్తుంది, ఆ రంగును అట్టతో పోల్చుకోవాలి. పుట్టే ఆ వాయువు ఆర్సీన్, బాగా విషపూరితం. కిట్టు వాడితే ఆరుబయట, వాయువు మీ మీదికి రాకుండా గాలివాటం చూసుకుని వాడండి. లీటరుకు పది మైక్రోగ్రాముల దగ్గరా పదిహేను దగ్గరా రంగు తేడా పట్టడం కంటికి కష్టం కనుక కిట్టును ఊరంతటినీ జల్లెడ పట్టడానికి వాడి, తుది మాట ప్రయోగశాలకు వదలడం మంచిది.

పక్కింటి బోరు ఫలితాన్ని మీదిగా భావించవద్దు. పది గజాల దూరంలో, ఇరవై అడుగుల లోతు తేడాలో అంకె మారిపోవచ్చు. వీలైతే రెండుసార్లు తీయండి: కాలువలు కట్టిన మే నెలలో ఒకటి, వానలు వెలిసిన నవంబరులో ఒకటి.

మూడో అడుగు: కాగితం చదవడం

ప్రయోగశాలలు మూడు రకాలుగా అంకె వేస్తాయి. లీటరుకు 0.01 మిల్లీగ్రాము, లీటరుకు 10 మైక్రోగ్రాములు, 10 పీపీబీ, మూడూ ఒకటే. ఇక్కడ దశాంశ బిందువు జారితే జీవితం జారినట్టే కనుక ప్రమాణం ఏదో చూసి మరీ చదవండి. "బీడీఎల్" అని ఉంటే యంత్రం పట్టగలిగిన దానికన్నా తక్కువని అర్థం. ఆ యంత్రం ఎంత దాకా పట్టగలదో అడగాలి. 50 కన్నా తక్కువను చూడలేని పరికరం ఇచ్చిన బీడీఎల్‌కు విలువ లేదు.

పది లోపు ఉంటే ఏడాదికోసారి మళ్లీ చూసుకుంటే సరిపోతుంది. పదికీ యాభైకీ మధ్య ఉంటే తాగడానికి, వంటకు వేరే నీళ్లు చూసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో హద్దును 50 నుంచి 10కి దించింది, పాత పుస్తకాల్లో 50 కనబడితే మోసపోకండి. యాభై దాటితే ఆ పూట నుంచే మార్చండి, గర్భిణికి, చంటిబిడ్డకు ముందుగా. తల్లిపాలలోకి ఆర్సెనిక్ చాలా తక్కువగా చేరుతుంది కనుక తల్లి పాలివ్వడం ఆపనవసరం లేదు. ప్రమాదమంతా పాలపొడిలో కలిపే నీటిలోనిదే.

నాలుగో అడుగు: ఒంటిని చూసుకోవడం

ఏలూరులో 2020 డిసెంబరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు, ఎయిమ్స్ తొలి పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్న వార్త వచ్చింది. అప్పటి నుంచి "హెవీ మెటల్" అనగానే మన పక్కన అందరికీ ఆ రోజులే గుర్తొస్తున్నాయి. నీటిలోని ఆర్సెనిక్ అలా ఒక్కసారిగా మీద పడదు. ఐదేళ్లకో పదేళ్లకో, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది. ఒకే కుండ నీళ్లు తాగిన నలుగురిలో ఒకరికి కనబడి ముగ్గురికి కనబడకపోవచ్చు.

తొలి గుర్తులు చర్మం మీద వస్తాయి. ఛాతీ మీద, వీపు మీద ముదురు రంగు మధ్యన తెల్లని చిన్న చుక్కలు, దుమ్ము నేల మీద వాన చినుకులు పడినట్టు కనబడతాయి. తరువాత అరచేతుల్లో, అరికాళ్లలో నూక గింజల్లాంటి గట్టి పొక్కులు లేస్తాయి. ఇక్కడ ఒక చిక్కుంది. కొబ్బరి వలిచేవాళ్ల అరచేతులు, గట్టు మీద నడిచే రైతుల మడమలు ఎలాగూ కాయ కాసే ఉంటాయి. రాపిడి కాయ రాపిడి తగిలే చోటనే, ఒకే దిమ్మగా ఉంటుంది. ఆర్సెనిక్ పొక్కులు రెండు చేతుల్లోనూ, రెండు కాళ్లలోనూ, నేల తగలని పాదం మధ్య వంపులో కూడా విడివిడిగా చేతికి తగులుతాయి. సాయంకాలం వెలుతురులో బొటనవేలితో అరిపాదం మధ్యన నిమిరి చూస్తే తేడా తెలుస్తుంది.

లోపల జరిగేది ఇంకా బరువైనది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆర్సెనిక్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం దాని ముఖ్య స్థానాలు. పొగతాగే అలవాటు తోడైతే ఊపిరితిత్తుల ముప్పు బాగా పెరుగుతుంది, చుట్ట తాగే పెద్దలున్న ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పాలి. చేతులు, కాళ్లు తిమ్మిర్లెక్కడం, రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బులు, మృతశిశువులు, పిల్లల చదువు మందగించడం కూడా దీనితో ముడిపడినవే. అయితే మన ఊళ్లో మధుమేహానికి ఆర్సెనిక్ అక్కరలేని కారణాలు చాలానే ఉన్నాయి. నీటి పరీక్ష లేకుండా ఒంటి గుర్తులను బట్టి తీర్మానించవద్దు.

అనుమానముంటే చర్మవైద్యుల దగ్గరికి నీటి పరీక్ష కాగితం పట్టుకుని వెళ్లండి. మూత్ర పరీక్ష ఇటీవలి రోజుల సంగతి చెబుతుంది, గోళ్లు, వెంట్రుకలు గడిచిన నెలల సంగతి చెబుతాయి. మూత్ర పరీక్షకు ముందు నాలుగైదు రోజులు చేపలు, రొయ్యలు, పీతలు మానేయాలి. సముద్రపు జీవుల్లో ఆర్సెనోబిటైన్ అనే హాని చేయని రూపంలో ఆర్సెనిక్ ఉంటుంది, మామూలు పరీక్ష దాన్ని కూడా కలిపి లెక్కేసి అంకెను అనవసరంగా పెంచేస్తుంది. భీమవరం వైపు ఇంట్లో ఈ పథ్యం ఎంత కష్టమో నాకు తెలుసు.

దీనికి ప్రత్యేకమైన మందు లేదు. నీళ్లు మార్చడమే మొదటి వైద్యం, దానికి తోడు గుడ్డు, పప్పు, ఆకుకూరలతో మంచి తిండి. తొలి దశలో మచ్చలు కొంత తగ్గుతాయి, ముదిరిన పొక్కులను మాత్రం వైద్యులు కనిపెట్టుకుని ఉండాలి. ఇది అంటువ్యాధి కాదు. బెంగాల్‌లో ఈ మచ్చలను కుష్ఠు అనుకుని పెళ్లిళ్లు ఆపేసిన కుటుంబాలున్నాయి. తాళకం, మనశ్శిల కలిసిన నాటు మందులు ఎవరైనా వాడుతుంటే ఆ సంగతి కూడా వైద్యులకు చెప్పాలి.

ఐదో అడుగు: ఫిల్టరు కంటే ముందు వేరే నీళ్లు

డెల్టాకు ఉన్న అదృష్టం కాలువ. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించినప్పటి నుంచి ఇక్కడి పల్లెలు కాలువ నీటితో మంచినీళ్ల చెరువులు నింపుకుంటూనే ఉన్నాయి. పారే నీటికి గాలి బాగా తగులుతుంది కనుక అందులో ఆర్సెనిక్ సాధారణంగా తక్కువ. దాని దోషం సూక్ష్మజీవులు, పొలాల మందులు, చేపల చెరువులు వదిలే మురుగు. పంచాయతీ ఇసుక వడపోత, క్లోరిన్ సరిగ్గా నడుస్తుంటే కొళాయి నీరే మొదటి ఎంపిక. బోరును తప్పించి కాచని చెరువు నీళ్లు తాగించడం ఒక జబ్బుకు ఇంకొక జబ్బును మార్పిడి వేసుకోవడం.

వాననీటిని మనం చిన్నచూపు చూస్తున్నాం. డాబా 500 చదరపు అడుగులుంటే, ఏడాదికి 1,000 మిల్లీమీటర్ల వాన లెక్కన, వృథా పోగా 35 వేల లీటర్లకు తక్కువ రాదు. కాలువలు కట్టే అరవై రోజులకు నలుగురికి కావలసింది రోజుకు పాతిక చొప్పున 1,500 లీటర్లే. అక్టోబరు వానల్లో, మొదటి పావుగంట నీటిని బయటికి వదిలేసి, మూత గట్టిగా పట్టే రెండు వేల లీటర్ల ట్యాంకు ఒకటి నింపి, ఎండ తగలకుండా ఉంచితే వేసవి గడుస్తుంది. తాటాకు ఇంటికి, కొబ్బరి మట్టలు కమ్మిన డాబాకు ఇది కుదరదు. దాచిన నీటిని కాచి తాగాలి.

బెంగాల్‌లో చాలాచోట్ల 150 మీటర్ల కన్నా లోతుకు బోరు దింపి బయటపడ్డారు. మన తీర మండలాల్లో ఆ కిటుకు తరచుగా ఉప్పు నీటిని తెచ్చిపెడుతుంది. తియ్యటి నీటి పొర కిందనే ఉప్పు పొర ఉన్న చోట లోతు పెంచడం ఉన్నదీ పోగొట్టుకోవడమే.

ఆరో అడుగు: వడపోత

ముందుగా పనికిరానివి చెబుతాను. కాచడం వల్ల ఆర్సెనిక్ పోదు, నీరు ఆవిరై మిగిలిన దానిలో చిక్కబడుతుంది. అతినీలలోహిత దీపం, కొవ్వొత్తి ఫిల్టరు, గుడ్డ వడపోత దీనిని తాకవు. వరద రోజుల్లో ఎర్రనీళ్లలో అరగదీసే చిల్లగింజ మట్టిని దింపుతుందే కాని కరిగిన ఆర్సెనిక్‌ను దింపలేదు.

మిగతావి అర్థం కావాలంటే ఒక్క సంగతి తెలియాలి. నీటిలో ఆర్సెనిక్ రెండు రూపాల్లో ఉంటుంది. రసాయన శాస్త్రంలో వాటిని ఆర్సెనిక్ (III), ఆర్సెనిక్ (V) అంటారు, మనం మూడో రూపం, ఐదో రూపం అందాం. గాలి ఆడని బోరు నీటిలో ఎక్కువగా మూడో రూపం, గాలి తగిలిన నీటిలో ఐదో రూపం. ఐదో రూపానికి విద్యుదావేశం ఉంటుంది కనుక తుప్పుకు అంటుకుంటుంది, ఆర్‌ఓ పొర దగ్గర ఆగుతుంది. మూడో రూపానికి ఆవేశం లేదు, అది వీటిని తప్పించుకుని పోతుంది. అందుచేత ఏ పద్ధతి అయినా మూడును ఐదుగా మార్చడంతో మొదలవుతుంది. ఆ పని క్లోరిన్ త్వరగా చేస్తుంది, గాలి చాలా నెమ్మదిగా చేస్తుంది.

చవకైన పద్ధతి ఇనుము ఎక్కువున్న బోరుకు పనికొస్తుంది. బోరు నీళ్లను తెల్ల బకెట్లో పట్టి ఒక రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి అడుగున తేనెరంగు మడ్డి దిగుతుంది, పైన నూనె తెట్టులాంటి మెరిసే పొర కడుతుంది. ఇనుముందో లేదో చూడాలంటే జామాకును నలిపి గ్లాసు నీటిలో వేయండి, ఇనుము ఎక్కువగా ఉంటే నీరు నల్లని ఊదారంగుకు తిరుగుతుంది. ఆ మడ్డి ఆర్సెనిక్‌లో కొంత భాగాన్ని తనతో లాక్కుపోతుంది. నీళ్లు పట్టగానే బ్లీచింగ్ తేట వేసి, రెండు బిందెల మధ్య పదిసార్లు ఎత్తి పోసి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేటను గుడ్డతో కాక ఇసుక కుండలో వడగడితే ఫలితం మెరుగు. అరగంట తరువాత కూడా లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి, పంచాయతీ నీటి సిబ్బంది దగ్గరుండే చిన్న పెట్టెతో అది తెలుస్తుంది. పట్టుమని 20, 30 పీపీబీ ఉన్న నీటికి ఇది చాలవచ్చు, 200 ఉన్న నీటికి చాలదు.

దానికి పై మెట్టు మేకుల ఫిల్టరు. నేపాల్‌లో కంచన్ ఫిల్టరు పేరుతో వాడుకలోకి వచ్చిన పద్ధతి ఇది. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో అడుగున కంకర, దాని పైన ముతక ఇసుక, ఆపైన బాగా కడిగిన సన్నని ఇసుక వేస్తారు. పైన చిల్లులున్న బేసినులో జింకు పూత లేని ఇనుప మేకులు ఐదు కిలోలు పరిచి, వాటి మీద ఇటుక ముక్కలు కప్పుతారు. నీళ్లు ఇటుకల మీద పోస్తే మేకుల తుప్పుకు ఆర్సెనిక్ అంటుకుంటుంది, రాలిన తుప్పును ఇసుక పట్టుకుంటుంది. బయటికి వచ్చే గొట్టాన్ని ఇసుక మట్టానికి ఐదు సెంటీమీటర్ల పైకి వంచాలి, ఇసుక ఎప్పుడూ తడిసి ఉండాలి. కొత్త మేకులు మెరుస్తున్నన్నాళ్లు పని చేయవు. రెండు వారాలు నీళ్లు పోస్తూ తుప్పెక్కనిచ్చి, అప్పుడు వచ్చిన నీటిని పరీక్షకు పంపండి. నీటిలో ఫాస్ఫేటు ఎక్కువగా ఉంటే అది తుప్పు మీద ఆర్సెనిక్ కూర్చునే చోటును ఆక్రమించేస్తుంది. ముందుగా ఫాస్ఫేటు కూడా అడగమన్నది ఇందుకే.

ఇదే సూత్రం మీద బంగ్లాదేశ్ శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ రూపొందించిన సోనో ఫిల్టరుకు 2007లో గ్రెయింజర్ బహుమతి వచ్చింది. మన దేశంలో ఐఐటీ మద్రాసు ఆచార్యులు టి. ప్రదీప్ బృందం చేసిన అమృత్ పద్ధతి కూడా ఇనుప ఆక్సైడు రేణువుల మీదనే నడుస్తుంది. ఇంటింటికో ఫిల్టరు కన్నా బోరు దగ్గరే వీధికొకటిగా ఇలాంటిది పెట్టి, చూసుకునే మనిషికి జీతమివ్వడం నయమని నా అభిప్రాయం. మనిషి లేకపోతే అదీ మూలపడిన మోటారు పక్కన చేరుతుంది.

ఇక ఆర్‌ఓ. ఐదో రూపాన్ని అది చక్కగా ఆపుతుంది, మూడో రూపాన్ని నమ్మకంగా ఆపదు. కాబట్టి ముందు క్లోరిన్, తరువాత అరగంట నిలవ, తరువాత బొగ్గు, ఆ తరువాత పొర. బొగ్గు మధ్యలో లేకుంటే క్లోరిన్ పొరను తినేస్తుంది. ప్లాంటు వాళ్లను అడగవలసింది టీడీఎస్ ఎంత అని కాదు, బోరు నీటిలో ఆర్సెనిక్ ఎంత, టిన్నులో ఎంత, ఆ కాగితం ఏ తేదీదీ అని. ఇంటి ఆర్‌ఓ బయటికి వదిలే నీటిలో ఆర్సెనిక్ చిక్కబడి ఉంటుంది, దానిని తోటకూర మడికి పెట్టవద్దు.

ఏడో అడుగు: అన్నం, పొలం

నీట నిలిచి పెరిగే వరి మిగతా ధాన్యాలకన్నా ఆర్సెనిక్‌ను ఎక్కువగా పీల్చుకుంటుంది. కాండానికి బలమిచ్చే సిలికాను పీల్చుకునే దారిలోనే అది కూడా దూరుతుంది. బియ్యం గింజలో పై పొరలో ఎక్కువ ఉంటుంది కనుక దంపుడు బియ్యంలో తెల్ల బియ్యంకన్నా ఎక్కువ. ఆ ఒక్క కారణానికి దంపుడు బియ్యం మానమని నేను చెప్పను.

మన అమ్మమ్మల గంజి వార్పు ఇక్కడ అక్కరకొస్తుంది. బియ్యాన్ని మూడుసార్లు కడిగి, ఒకటికి ఆరు పాళ్ల ఎసట్లో ఉడికించి వారిస్తే ఆర్సెనిక్‌లో దాదాపు సగం గంజితో పోతుంది. నీటిని మొత్తం ఇంకనిచ్చే కుక్కరులో ఏమీ పోదు. ఒక షరతు మరవకూడదు: ఎసరు నీరు మంచిదై ఉండాలి. ఆర్సెనిక్ ఉన్న బోరు నీటితో వారిస్తే లాభం లేకపోగా అన్నమే దాన్ని పీల్చుకుంటుంది. వార్చడం వల్ల కొన్ని బి విటమిన్లు కూడా పోతాయి, పప్పు, ఆకుకూర ఆ లోటు పూడుస్తాయి. అనుమానమున్న నీటి గంజిని పశువుకూ పోయవద్దు.

పొలంలో సార్వాకు కాలువ, వాన ఉంటాయి. చిక్కు దాళ్వాకు, బోరు నీరు పెట్టినప్పుడు. నీటిని ఎప్పుడూ నిలవ ఉంచకుండా, చిల్లులు వేసిన గొట్టం ఒకటి మడిలో పాతి, నీరు నేలకు పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ పెడితే, మట్టికి గాలి తగిలి ఆర్సెనిక్ గింజలోకి రావడం తగ్గుతుంది, డీజిలూ మిగులుతుంది. పూత సమయంలో మాత్రం ఐదు సెంటీమీటర్ల నీరు ఉంచాలి. మరీ ఎండగడితే కాడ్మియం పెరుగుతుంది, అందుచేత నేల పగిలే దాకా తీసుకుపోకండి.

ఎనిమిదో అడుగు: మడ్డి ఎక్కడ పారబోయాలి

ఫిల్టరు ఇసుక, తుప్పు మడ్డి, పాత మేకులు నీటి నుంచి మీరు తీసిన ఆర్సెనిక్ అంతటినీ మోస్తున్నవి. వాటిని చేపల చెరువులో, మురుగు కాలువలో, పెంట కుప్ప మీద వేస్తే అక్కడి బురదలో గాలి ఆడక, నేల అడుగున జరిగిన పనే మళ్లీ జరుగుతుంది: తుప్పు కరిగి ఆర్సెనిక్ బయటపడుతుంది. బాగా ఎండబెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని, సిమెంటు, ఇసుకతో కలిపి దిమ్మగా పోసి, నూతికి, పశువుల కొట్టానికి దూరంగా మెరక మీద పెట్టండి. ఎండబెట్టే చోటికి పిల్లలు, కోళ్లు రాకుండా చూసుకోవాలి.

ఫిల్టరు పెట్టిన తేదీ, ఒక్కొక్క పరీక్ష తేదీ, అంకె డ్రమ్ము మీద చెరగని సిరాతో రాయండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తరువాత ఆరు నెలలకోసారి బయటికి వచ్చే నీటిని పంపండి. అంకె ఎనిమిది దాటడం మొదలైందంటే పది కోసం ఎదురు చూడకుండా మేకులు మార్చండి. బంగ్లాదేశ్‌లో పరీక్షించిన చేతిపంపులకు ఆకుపచ్చ, ఎరుపు రంగులు వేశారు. మీ బోరు పది దాటినదైతే, అద్దెకు వచ్చేవారికీ చుట్టాలకూ తెలిసేలా కొళాయి మెడకు ఎర్ర రంగు వేసి, "తాగడానికి, ఎసటికి కాదు" అని పక్క గోడ మీద రాయించండి.